బరువు తగ్గే ఆపరేషన్‌కి ముందు సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లమన్నారు, అక్కడ ఏం అడుగుతారు?

కడపకోడలు
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో కడుపుని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు, ఎత్తుకి బరువు ఎంత ఉందో చూపే బీఎంఐ లెక్క 41 దాటింది. షుగర్ ఉంది, గురక ఎక్కువని స్లీప్ స్టడీ కూడా చేయించారు. సర్జన్ గారితో, డైటీషియన్‌తో మాట్లాడటం అయింది, గుండె పరీక్షలు, ఎండోస్కోపీ అయ్యాయి. ఇప్పుడు సైకాలజిస్ట్‌ని కలిసి రిపోర్ట్ తెమ్మన్నారు. ఇంట్లో చెప్పగానే మా అత్తగారు "నీకేమన్నా పిచ్చా, కడుపు ఆపరేషన్‌కి మెంటల్ డాక్టర్ దేనికి" అని మొదలుపెట్టారు. ఆమె సంగతి అలా ఉంచండి, నా భయం వేరే. బాబు పుట్టిన తర్వాత డిప్రెషన్ వచ్చి అప్పటి నుంచి ఎస్సిటాలోప్రామ్ వాడుతున్నాను, మా ఆయనకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆ విషయం చెప్తే ఆపరేషన్ వద్దంటారా? వెళ్లొచ్చిన వాళ్లు ఉంటే అసలు అక్కడ ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పండి.

మియాపూర్ మెట్రో
అక్కా, టెన్షన్ పడకండి. నేను 2022లో స్లీవ్ చేయించుకున్నాను, నన్నూ పంపారు. గంటకు పైనే మాట్లాడారు. చిన్నప్పటి నుంచి బరువు ఎలా పెరిగింది, ఏ ఏ డైట్లు చేశారు, ఎందుకు మానేశారు, రోజంతా ఏం తింటారు, కోపమొచ్చినా బాధేసినా తినాలనిపిస్తుందా, ఎవరూ చూడకుండా తినే అలవాటు ఉందా, మందు, సిగరెట్, నిద్ర, ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆపరేషన్ అయ్యాక మొదటి వారాల్లో ఎవరు చూసుకుంటారు, ఇలా సాగింది. తర్వాత టిక్కులు పెట్టే కాగితాలు ఇచ్చారు. వీటిలో కష్టమైనది ఏదీ లేదు కానీ ఒక్క దగ్గర ఆగిపోయాను. "ఆపరేషన్‌లో మీ కడుపుకి ఏం చేస్తారో మీ మాటల్లో చెప్పండి" అన్నారు. చిన్నది చేస్తారు అన్నాను. ఎంత చిన్నది, తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టొచ్చా, విటమిన్ టాబ్లెట్లు ఎన్నాళ్లు వేసుకోవాలి అని అడిగారు. కడుపులో 75 నుంచి 80 శాతం కోసి బయటికి తీసేస్తారు, అది ఇక తిరిగి రాదు, టాబ్లెట్లు బతికినంత కాలం అని ఆవిడే బొమ్మ గీసి చెప్పారు. ఆ బొమ్మ చూశాకే విషయం నాకు పూర్తిగా బుర్రకెక్కింది.

వైజాగ్‌వాసి
ఎవరూ ఏమీ అనుకోకపోతే నా మాట చెప్తాను. ఇది ప్యాకేజీలో ఇంకో బిల్లు. మా బావగారికి ఒక పెద్ద ఆసుపత్రిలో చేశారు, పేరు అనవసరం. సైకాలజిస్ట్ పది నిమిషాలు మాట్లాడి సంతకం పెట్టి పంపేశారు. పది నిమిషాల్లో మనిషి మనసు గురించి ఏం తెలుస్తుంది? ఆపరేషన్ డేట్ అప్పటికే ఇచ్చేశారు కూడా. డేట్ ఇచ్చాక "ఈయన ఇంకా సిద్ధంగా లేడు" అని రాసే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఊబకాయం ఉన్నవాళ్లకు మాత్రమే ఈ పరీక్ష ఎందుకు, మోకాలి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లను ఎవరూ ఇలా పంపరే అనేది నా రెండో ప్రశ్న.

మనోవీణ
నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే బేరియాట్రిక్ టీమ్‌లో పనిచేస్తాను. ముందు కడపకోడలు గారికి. డిప్రెషన్‌కి మందు వాడుతున్నారన్న ఒక్క కారణంతో ఆపరేషన్ వద్దనడం జరగదు. మందు క్రమంగా వేసుకుంటూ, మనసు కుదురుగా ఉన్నవాళ్లు బోలెడంత మంది ఈ ఆపరేషన్ చేయించుకుంటున్నారు. ఆపరేషన్‌కి వచ్చేవాళ్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక వ్యాసం 2016లో వచ్చింది, అందులో దాదాపు 19 శాతం మందికి డిప్రెషన్, 17 శాతం మందికి అదుపు లేకుండా తినే సమస్య ఉన్నట్టు తేలింది. అంటే మీలాంటి వాళ్లను మేము రోజూ చూస్తాం. మేము ఆగమని చెప్పేది వేరే సందర్భాల్లో. చికిత్స లేని తీవ్రమైన డిప్రెషన్, ఈమధ్యే ఆత్మహత్యా ప్రయత్నం, లేనివి కనిపించడం, వినిపించడం లాంటివి ఉండే సైకోసిస్ అదుపులో లేకపోవడం, ఇప్పటికీ సాగుతున్న మద్యం లేదా మత్తు వ్యసనం, తిని కావాలని వాంతి చేసుకునే బులీమియా. వీటిలో కూడా ఎక్కువసార్లు చెప్పేది "ముందు దీనికి చికిత్స తీసుకుని రండి" అనే.

కాగితాల గురించి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, చివరిది చనిపోవాలనే ఆలోచనల గురించి. మద్యానికి ఆడిట్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన పది ప్రశ్నలు. తిండి మీద అదుపు గురించి ఇంకో కాగితం. వీటిలో పాస్ మార్కులు ఉండవు, మాటల్లో ఎక్కడ ఆగి ఇంకాస్త అడగాలో మాకు తెలియడానికి ఉపయోగపడతాయంతే.

వైజాగ్‌వాసి గారూ, పది నిమిషాల సంతకం గురించి మీ కోపం న్యాయమే, నేను కూడా అలాంటి రిపోర్టులు చూశాను, రెండు లైన్లు ఉంటాయి. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్ట్ గానీ, సైకియాట్రీలో ఎండీ చేసిన డాక్టర్ గానీ చూడాలి. డేట్ ఖాయం కాకముందే చూడాలి. మోకాలి ఆపరేషన్‌తో పోలికకి వస్తే, మోకాలు మార్చాక మీరు ఏం తినాలి, ఎంత తినాలి, ఎంత నెమ్మదిగా నమలాలి అనేది మారదు. ఇక్కడ మర్నాడు నుంచి నీళ్లు కూడా గుక్కలు గుక్కలుగా తాగాలి, తర్వాత ద్రవాలు, తర్వాత మెత్తగా చేసినవి, ఆ తర్వాతే మామూలు తిండి. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు. ప్రొటీన్ రోజుకి కనీసం 60 గ్రాములు వెళ్లాలి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ జీవితాంతం. తరచూ వాంతులవుతున్నా పట్టించుకోకుండా వదిలేస్తే థయామిన్, అంటే విటమిన్ బీ1, తగ్గి మెదడుకే దెబ్బ. ఇన్ని పాటించాల్సిన మనిషి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నారో ముందే అడగకపోవడం తప్పు కదా.

డాలస్‌లో అనంతపురం
అమెరికాలో అయితే ఇది తప్పించుకునే దారే లేదు. చాలా ఇన్సూరెన్సులు సైకాలజిస్ట్ లెటర్ లేకపోతే అప్రూవల్ ఇవ్వవు, కొన్ని అయితే డాక్టర్ పర్యవేక్షణలో నెలల తరబడి డైట్ చేసినట్టు రికార్డు కూడా అడుగుతాయి. మా ఆవిడకి చేసినప్పుడు మూడు వందలకు పైగా ప్రశ్నల పెద్ద పరీక్ష పెట్టారు, ఎంఎంపీఐ అంటారు. అవును-కాదు ప్రశ్నలే కానీ ఒకే సంగతిని తిప్పి తిప్పి అడుగుతున్నట్టు అనిపించిందట. అందులో నేను గమనించింది ఒకటి చెప్తాను, అక్కడ మనవాళ్లకు వచ్చే ఇబ్బంది. మీకు సపోర్ట్ ఎవరు అని అడిగితే మా ఆవిడ "అందరూ ఉన్నారు" అంది. అందరూ కడపలోనూ అనంతపురంలోనూ ఉన్నారు. ఇక్కడ నేనొక్కడినే, అదీ వారంలో సగం రోజులు ఆఫీస్ పని మీద వేరే ఊర్లో. ఆ సైకాలజిస్ట్ అది పట్టుకుని, మొదటి రెండు వారాలు ఎవరు ఉంటారో పేరు రాయించారు. నేను సెలవు పెట్టాను. ఆ ప్రశ్న అడగకపోతే మేము ఆలోచించేవాళ్లం కాదు.

కడపకోడలు
మనోవీణ గారూ, చాలా థాంక్స్ మేడం. ఇంకో సంగతి అడగాలి. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్తాను. మధ్యాహ్నం మిగిలిన అన్నం, పచ్చడి, బాబు బిస్కెట్లు, ఏది ఉంటే అది. ఆకలి వల్ల కాదని నాకే తెలుసు. తినేసాక ఏడుపొస్తుంది. ఇది కూడా చెప్పాలా? ఇంకొకటి, ఎస్సిటాలోప్రామ్ ఆపరేషన్ తర్వాత పనిచేస్తుందా?

మనోవీణ
తప్పకుండా చెప్పండి, ముందు చెప్పాల్సిందే అది. అక్కడ మిమ్మల్ని అడిగేవి ఇలా ఉంటాయి: ఒకేసారి, అంటే రెండు గంటల లోపల, మామూలుగా ఎవరూ తిననంత తింటున్నారా, ఆపాలన్నా ఆపలేకపోతున్నారా, ఇది వారానికి ఒకసారైనా మూడు నెలలుగా జరుగుతోందా. అవును అంటే దాన్ని బింజ్ ఈటింగ్ అంటాం. అర్ధరాత్రి నిద్రలేచి తినడం, రోజంతా కొంచెం కొంచెంగా ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉండటం వేరు సమస్యలు, వాటికి చేసే పని కూడా వేరు. మీది ఏదో నేను ఇక్కడ రాసి తేల్చలేను, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

ఎందుకు ముఖ్యమంటే, స్లీవ్ తర్వాత గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ తగ్గుతుంది, కడుపు ఆకలి చాలా తగ్గిపోతుంది, ఏడుపొచ్చినప్పుడు చెయ్యి డబ్బా వైపు వెళ్లడం మాత్రం తగ్గదు. ఎక్కువ అన్నం పట్టదు కాబట్టి ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, బిస్కెట్లు, జారిపోయేవి మొదలవుతాయి. ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత బరువు మళ్లీ ఎక్కిందని వచ్చేవాళ్లలో ఇది నేను తరచుగా చూస్తాను. ఆలోచనలు, అలవాట్లు మార్చుకునే సీబీటీ అనే మాటల చికిత్స పద్ధతిలో కొన్ని వారాలు పనిచేస్తే మంచి మార్పే వస్తుంది.

మందు సంగతి: మీ అంతట మీరు ఆపొద్దు. స్లీవ్‌లో పేగు దారి మారదు కాబట్టి, పేగు దారి మార్చే కడుపు బైపాస్ ఆపరేషన్ కంటే ఇబ్బంది తక్కువ, అయినా మందు శరీరంలోకి చేరే తీరు మారవచ్చు. నెమ్మదిగా కరిగే రకం టాబ్లెట్లు వాడేవాళ్లు సైకియాట్రిస్ట్‌ని అడిగి ముందే మార్పించుకోవాలి. లిథియం వాడేవాళ్లు మరీ జాగ్రత్త, ఆపరేషన్ తర్వాత రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగవచ్చు, రక్తపరీక్షలు దగ్గర దగ్గరగా చేయించాలి. మీ సైకియాట్రిస్ట్‌కి ఆపరేషన్ సంగతి, సర్జన్‌కి మీ మందు సంగతి, రెండూ తెలియాలి.

ఓరుగల్లు రాజన్న
మేడం, మా తమ్ముని గురించి అడుగుత. వయసు 38, బీఎంఐ 46, బైపాస్ చేయాలన్నరు. వారంల మూడు నాలుగు దినాలు తాగుతడు. సైకాలజిస్ట్ దగ్గర "పండుగలకు మాత్రమే" అని చెప్పమని దోస్తులు నేర్పుతున్నరు. నేను వద్దంటున్న, నా మాట వినడు. ఏం చెప్పాలె?

మనోవీణ
అన్నా, మీరు వద్దనడమే సరైనది. కడుపుని గుడ్డు అంత సంచీగా చేసి నేరుగా చిన్న పేగుకి కలిపేస్తే మద్యం ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కుతుంది. ముందు కంటే తక్కువ తాగినా ఎక్కుతుంది, దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2012లో వచ్చింది, ఆపరేషన్ తర్వాత రెండో సంవత్సరానికి మద్యం సమస్య ఉన్నవాళ్లు 7.6 శాతం నుంచి 9.6 శాతానికి పెరిగారు, బైపాస్ చేయించుకున్నవాళ్లలో ప్రమాదం ఎక్కువ కనిపించింది. అంతకు ముందు అలవాటు ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. తిండి నుంచి దొరికే ఊరట పోతుంది, దాని చోట్లోకి సీసా వస్తుంది. లివర్ సంగతి, బీ1 తగ్గడం సంగతి వేరే చెప్పక్కర్లేదు. నిజం చెప్తే మహా అయితే కొన్ని నెలలు ఆగమంటారు, మానడానికి సాయం చేస్తారు, రక్తపరీక్షలు చేయించి చూస్తారు. దాస్తే ఆ సాయం ఆగిపోతుంది, ఆపరేషన్ ఆగదు. తమ్ముడికి ఈ పోస్ట్ చూపించండి, మీ ఇద్దరూ కలిసి రండి.

తెనాలి టీచరమ్మ
ఇదంతా చదువుతుంటే రాయకుండా ఉండలేకపోయాను. నన్ను ఆపారు. బింజ్ ఈటింగ్ అని రాసి, చికిత్స తీసుకున్నాక రమ్మన్నారు. ఆ రోజు బస్సులో తెనాలి దాకా ఏడుస్తూనే వచ్చాను, ఇంత బరువు మోస్తున్న నన్నే నమ్మకుండా ఎందుకు వెనక్కి పంపారో అర్థం కాలేదు. తర్వాత ఆరేడు నెలలు చికిత్సకు వెళ్లాను. రోజూ ఏం తిన్నానో, ఎప్పుడు తిన్నానో, అంతకు ముందు ఏం జరిగిందో రాయమన్నారు. నెల రోజుల పుస్తకం తిరగేస్తే కనిపించింది, స్కూల్ నుంచి వచ్చాక నాలుగు నుంచి ఆరు మధ్యలో, ఇంట్లో ఎవరూ లేని టైమ్‌లోనే అంతా జరుగుతోంది. మధ్యాహ్నం సరిగ్గా తినకపోవడం సగం కారణం, ఇల్లు ఖాళీగా ఉండటం మిగతా సగం. మధ్యాహ్నం బాక్సులో గుడ్డు, పెరుగు తప్పనిసరి చేశారు, నాలుగింటికి పక్క వీధిలో ట్యూషన్ మొదలుపెట్టాను. పూర్తిగా పోయిందని అనను, చాలా తగ్గింది. ఆ తర్వాత ఆపరేషన్ అయింది.

ఆపరేషన్ తర్వాత మనసుకి ఏమవుతుందో ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. మొదటి నెల ఎందుకు చేయించుకున్నానా అని ఏడ్చాను, ఇంట్లో ఆవకాయ కలిపిన వాసన వస్తే తట్టుకోలేకపోయాను, ఎదురుగా ఉన్న పప్పు కట్టు నాలుగు చెంచాలకే చాలనిపించేది. పెళ్లిళ్లలో పెద్ద గొడవ. "ఏమ్మా విస్తరి వదిలేశావు, మా వంట నచ్చలేదా" అని పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, కొసరి వడ్డించడం మన ప్రేమ కదా. దానికి ఏం చెప్పాలో సైకాలజిస్ట్‌తో ముందే అనుకున్నాం: డాక్టర్ కొంచెం కొంచెంగా తినమన్నారు పిన్నీ, ఇంటికి తీసుకెళ్తా, కట్టివ్వండి. ఎవరూ బాధపడలేదు. చర్మం వేలాడుతుంది, జుట్టు రాలుతుంది కొన్ని నెలలు, బరువు తగ్గాక కూడా అద్దంలో పాత మనిషే కనిపిస్తుంది. ఇవన్నీ నాకు ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. కడపకోడలు చెల్లెమ్మా, అర్ధరాత్రి వంటింటి సంగతి మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పెయ్యి.

బీమా బాబు
మన దేశంలో ఇన్సూరెన్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. నేను ఆరోగ్య బీమా పనిలోనే ఉన్నాను. మన దగ్గర బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం బరువు ఆపరేషన్‌కి క్లెయిమ్ రావాలంటే 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని టైప్ 2 షుగర్ లాంటివి ఉండాలి, ఆపరేషన్ కంటే తేలికైన బరువు తగ్గే పద్ధతులు ఫెయిలై ఉండాలి, డాక్టర్ సలహా మీద, వైద్య ప్రోటోకాల్ ప్రకారం జరగాలి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం, ఎంతో విడిగా చూసుకోవాలి. ఇందులో సైకాలజిస్ట్ రిపోర్ట్ అని విడిగా ఒక షరతు లేదు, కానీ ఫైల్‌లో ఆ రిపోర్ట్ ఉంటే ఇది తొందరపడి చేసినది కాదని చూపించడానికి పనికొస్తుంది. డిప్రెషన్ మందులు దాచి పాలసీ తీసుకుంటే మాత్రం తర్వాత క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది, ముందే రాయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక మానసిక జబ్బుల చికిత్సకూ శారీరక జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలి, దాన్ని దాచుకోవాల్సిన పని లేదు.

వైజాగ్‌వాసి
మనోవీణ గారూ, మీరు ఓపికగా చెప్పారు, సంతోషం. కానీ ఇంకో ప్రశ్న. ముందు డిప్రెషన్ ఉన్నవాళ్లు బరువు తక్కువ తగ్గుతారని రుజువు ఉందా? లేకపోతే ఈ వడపోత ఎందుకు?

మనోవీణ
మంచి ప్రశ్న. నేను పైన చెప్పిన 2016 వ్యాసమే దీన్నీ చూసింది. ముందు ఉన్న మానసిక సమస్యకీ తర్వాత తగ్గే బరువుకీ గట్టి సంబంధం కనిపించలేదు, ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి. పైగా ఆపరేషన్ తర్వాత డిప్రెషన్ చాలామందిలో తగ్గుతుంది. అందుకే దీన్ని వడపోతగా వాడే సైకాలజిస్ట్‌లతో నాకు పేచీ ఉంది. నేను చూసేది కిలోల లెక్క ఒక్కటే కాదు. కెనడాలోని ఒంటారియోలో దాదాపు 8,800 మంది మీద జరిగిన అధ్యయనంలో, ఆపరేషన్‌కి ముందు మూడేళ్లతో పోలిస్తే తర్వాత మూడేళ్లలో తమకు తాము హాని చేసుకుని ఎమర్జెన్సీకి వచ్చిన సందర్భాలు సుమారు 50 శాతం పెరిగాయి, ఎక్కువ భాగం రెండో, మూడో సంవత్సరాల్లో. మొత్తం మీద అలా వచ్చినవాళ్లు చాలా కొద్దిమంది, ఎవరూ దీన్ని చదివి భయపడి ఆపరేషన్ మానుకోవద్దు. కానీ ఆ రెండో సంవత్సరంలో సర్జన్ దగ్గరికి వెళ్లడం మానేస్తారు, బరువు తగ్గి బాగున్నారని ఇంట్లోవాళ్లూ పట్టించుకోరు. ముందు ఒకసారి మాట్లాడి ఉంటే మా నంబర్ వాళ్ల దగ్గర ఉంటుంది, ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది. అందుకే నేను రిపోర్ట్ ఇచ్చినా మళ్లీ రమ్మంటాను, ఏడాది తర్వాత కూడా. ఎవరూ అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం, ఏ టైమ్‌లోనైనా.

వైజాగ్‌వాసి
సరే అండి. బావగారికి రెండో సంవత్సరం నడుస్తోంది. ఈ ఆదివారం వెళ్లి కూర్చుని మాట్లాడతాను.

పేరు చెప్పను
నమస్తే. నాకు 23. బీఎంఐ 36. షుగర్ బీపీ ఏమీ లేవు. సంబంధాలు కుదరట్లేదని అమ్మానాన్న ఆపరేషన్ చేయిద్దాం అంటున్నారు, డబ్బు కూడా సర్దేశారు. సైకాలజిస్ట్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం. నాకు ఇష్టమో కాదో నాకే తెలీట్లేదు. నడిస్తే ఆయాసం వస్తుంది, తగ్గాలని ఉంది, కానీ ఎవరో పెళ్లికొడుకు కోసం కడుపు కోయించుకోవాలా అనిపిస్తుంది. అమ్మ లోపలికి వచ్చి పక్కనే కూర్చుంటానంటోంది.

తెనాలి టీచరమ్మ
తల్లీ, ఈ మాటలు ఇక్కడ రాసినట్టే అక్కడ చెప్పు. కాగితం మీద రాసి తీసుకెళ్లినా పర్లేదు.

మనోవీణ
అమ్మా, నీకు 18 దాటాయి, సంతకం నీది, ఇష్టం నీది. నువ్వు ఇంకా తేల్చుకోలేదంటే ఆ సంతకం ఇప్పుడు తీసుకోకూడదు. "పెళ్లి కుదరాలి" అనేది ఒక్కటే కారణంగా వస్తే నేను ఆపమనే రాస్తాను, ఎందుకంటే బరువు తగ్గాక కూడా సంబంధం కుదరకపోతే ఆ నింద నీ మీదికే వస్తుంది. నీకు ఆయాసం ఉంది, తగ్గాలని ఉంది, అది నీ కారణం, దాని గురించి విడిగా మాట్లాడదాం. బీఎంఐ 35 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్తున్నాయి, అంటే తలుపు తెరిచే ఉంది, ఈ ఏడాదే వెళ్లాలని ఏమీ లేదు. మందులు, ఇంజెక్షన్లు కూడా ఇప్పుడు ఉన్నాయి, ఆ మాట ఎండోక్రైనాలజిస్ట్‌ని, అంటే హార్మోన్ల డాక్టర్‌ని, అడుగు. ఆపరేషన్ చేయించుకుంటే ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలని చెప్తాం, పెళ్లి కోసమే తొందరపడుతున్న ఇంట్లో ఈ సంగతి ఎవరికైనా చెప్పారో లేదో అడిగి చూడు.

అమ్మ పక్కన కూర్చోవడం గురించి. అపాయింట్‌మెంట్ తీసుకున్న నంబర్‌కి ఫోన్ చేసి "మొదట ఒంటరిగా మాట్లాడాలి" అని చెప్పు, కారణం చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్లాక సైకాలజిస్టే అమ్మను బయట కూర్చోమంటారు, అది మామూలు పద్ధతే, అమ్మ నీ మీద కోప్పడదు. నువ్వు లోపల చెప్పింది నీ అనుమతి లేకుండా అమ్మకు చెప్పకూడదు. రిపోర్ట్‌లో "ఇంకా సమయం కావాలి" అని మాత్రమే రాయమని అడగొచ్చు, ఎందుకు అనేది రాయకుండా.

పేరు చెప్పను
ఫోన్ చేశాను మేడం. ముందు నన్ను ఒక్కదాన్నే పిలుస్తామన్నారు.